రాబందుకు ఒకటే గుడ్డు

తెలుగులో రాబందుకి మంచి పేరు లేదు. వడ్డీ వ్యాపారి పీడించినా, ఆస్తి కోసం దాయాదులు ఎగబడినా "రాబందుల్లా పీక్కుతింటున్నారు" అంటాం. ఇంటి మీద రాబందు వాలితే అరిష్టమని శాంతులు చేయించిన పెద్దవాళ్ళూ ఉన్నారు. అదే పక్షి రామాయణంలో జటాయువుగా వచ్చి సీతమ్మ కోసం రెక్కలు తెగేదాకా పోరాడితే మాత్రం చేతులు జోడిస్తాం. తిట్టుకీ దండానికీ మధ్య ఎక్కడో అసలు పక్షి ఉంది. అది మన కళ్ళ ముందే, మన తరంలోనే, దాదాపు మాయమైపోయింది. ఎలా మాయమైందో చెప్పుకోవాలంటే కొంచెం లెక్క కావాలి. భయపడకండి, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లెక్క వచ్చిన వాళ్ళకి ఈ లెక్క వచ్చేసినట్టే.

ఈ లెక్క పిల్లల పుస్తకాల్లో ఉంది. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ చదివే పిల్లలకి పన్నెండో తరగతిలో వస్తుంది, అమెరికాలో ఏపీ బయాలజీ తీసుకున్న వాళ్ళకి హైస్కూల్లోనే వస్తుంది. పాపులేషన్ ఎకాలజీ అంటారు. ఒక చోట ఒక జాతి జీవులు ఎన్ని ఉన్నాయి, ఎందుకు పెరుగుతున్నాయి, ఎందుకు తగ్గుతున్నాయి అని చూసే శాస్త్రం. పేరు పెద్దదే గానీ, దాని పునాది నాలుగు మాటలు: పుట్టడం, పోవడం, రావడం, వెళ్ళడం. ఏ జీవి సంఖ్య మారినా ఈ నాలుగు తలుపుల్లో ఏదో ఒక దాని గుండానే మారాలి. అయిదో తలుపు లేదు.

ఇది మనకి కొత్త విషయమేమీ కాదు. ఊళ్ళో మన వీధి సగం ఖాళీ అయింది, పెద్ద పెద్ద ఇళ్ళలో ఇద్దరేసి ముసలివాళ్ళు మిగిలారు. అక్కడ ఏ మహమ్మారీ రాలేదు. నాలుగో తలుపు తెరుచుకుంది, అంతే. ఆ తలుపులోంచి బయటికి నడిచినవాళ్ళం మనమే. అందుకే "సంఖ్య తగ్గింది" అని ఎవరైనా అంటే వెంటనే అడగవలసిన ప్రశ్న "ఏ తలుపు గుండా?" అని. పుట్టడం తగ్గిందా, పోవడం పెరిగిందా, ఎగిరి వేరే చోటికి వెళ్ళాయా? జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేయకూడదు కదా.

ఇక రెండో సంగతి. అడ్డు లేకపోతే ప్రతి జీవీ రెట్టింపు, దానికి రెట్టింపు అవుతూ పోతుంది. చక్రవడ్డీ లాగా. కానీ తిండి, నీళ్ళు, చోటు ఎక్కడో ఒకచోట సరిపోకుండా పోతాయి. అక్కడ పెరుగుదల నెమ్మదించి నిలబడుతుంది. ఒక చోటు ఎన్నిటిని మోయగలదో ఆ పరిమితిని క్యారీయింగ్ కెపాసిటీ అంటారు. ఒక ఇంట్లో ఎంతమందికి వండిపెట్టగలమో ఆ లెక్క లాంటిదే.

రాబందుల విషయంలో మన దేశం మోయగలిగిన బరువు చాలా ఎక్కువ. పశువుల సంఖ్యలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో మనది ఒకటి. చాలామంది గొడ్డు మాంసం తినరు. చచ్చిన ఎద్దునీ, గేదెనీ ఊరి బయటికి లాగి పడేస్తే మిగతా పని రాబందులు చూసుకునేవి. ఒక గుంపు దిగిందంటే గంటలోపే ఎముకలు తేలేవి. ఆ తిండి మీద బతికి అవి కోట్ల సంఖ్యలో ఉండేవి. 1980లలో మన తెల్లవీపు రాబందు బహుశా ప్రపంచంలోకెల్లా ఎక్కువ సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షి అని పక్షిశాస్త్రవేత్తలు రాశారు. మనలో నలభై దాటినవాళ్ళు ఊరి చెరువు గట్టు మీద తాటిచెట్లకి బరువుగా వేలాడినట్టు కూర్చున్న వాటిని చూసే ఉంటారు.

అంత సంఖ్య ఉన్న పక్షికి ఏం భయం అనిపిస్తుంది. భయమంతా మూడో సంగతిలో ఉంది. జీవులు బతకడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, త్వరగా ఎదిగి, ఎక్కువమందిని కని, తొందరగా పోవడం. ఈగ, ఎలుక, కొంతవరకు ఊరకుక్క ఈ దారి. కుక్క ఏడాది తిరిగేలోపే ఈనడానికి సిద్ధమవుతుంది, ఒక ఈతలో నాలుగైదు పిల్లలు మామూలే. రెండో దారి, నిదానంగా ఎదిగి, కొద్దిమందినే కని, ఎక్కువకాలం బతకడం. ఏనుగు, తిమింగలం, రాబందు ఈ దారి. రాబందు గుడ్డు పెట్టే వయసుకి రావడానికే సుమారు అయిదేళ్ళు పడుతుంది. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటే గుడ్డు. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని సుమారు 50 రోజులు పొదుగుతాయి. పిల్ల గూడు వదలడానికి ఇంకో మూడు నెలలు. ఆ ఏడాది ఆ గుడ్డు పగిలితే, చాలాసార్లు మళ్ళీ వచ్చే ఏడాదే.

ఇప్పుడు చిన్న లెక్క. అంకెలు ఉదాహరణకి అనుకుంటున్నవే. ఒక చోట 100 పెద్ద రాబందులున్నాయి, అంటే 50 జంటలు. 50 గుడ్లు. గూడు దాటి ఎగిరేవి ఓ 25. అందులో అయిదేళ్ళు నెగ్గుకొచ్చి పెద్ద పక్షులయ్యేవి 5 అనుకుందాం. ఏటా పెద్దవాటిలో 5 చనిపోతే, కొత్తగా 5 వచ్చి చేరతాయి. లెక్క సరిపోయింది. వందేళ్ళయినా 100 అలాగే ఉంటాయి.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చి గుడ్లన్నీ పోయాయనుకోండి. పెద్ద నష్టమే, కానీ చేరవలసిన 5 చేరలేదు, అంతే. మిగిలిన 95 వచ్చే ఏడాది మళ్ళీ గుడ్లు పెడతాయి. అలా కాకుండా, పిల్లల జోలికి ఎవరూ పోలేదు గానీ పెద్దవాటి చావు 5 నుంచి 10కి పెరిగిందనుకోండి. వినడానికి పెద్ద తేడా కాదు, ఇంకా 90 బతికే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఏటా 5 శాతం కరుగుతూ 14 ఏళ్ళు తిరక్కుండానే మంద సగమైపోతుంది. నెమ్మదిగా బతికే జీవుల లెక్కలో అసలు కీలకం ఇదే: ఎన్ని పుట్టాయన్నదాని కంటే, ఉన్న పెద్దవి ఎన్ని బతికాయన్నదే వాటి భవిష్యత్తుని నిర్ణయిస్తుంది. ఒక పెద్ద రాబందు పోతే దానితో పాటు అది రాబోయే పదేళ్ళో ఇరవయ్యేళ్ళో పెట్టబోయే గుడ్లన్నీ పోతాయి.

సరిగ్గా ఆ కీలకం మీదే దెబ్బ పడింది.

1990ల చివర్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ ఒక మార్పు గమనించారు. పదేళ్ళ కిందట ఆయన లెక్కపెట్టిన గూళ్ళు చాలావరకు ఖాళీ. ఉన్న పక్షులు కొమ్మల మీద మెడలు వాల్చేసి కూర్చున్నాయి. కొన్ని అలాగే కిందపడి చనిపోతున్నాయి. దేశమంతా తిరిగి చూస్తే అంతటా ఇదే పరిస్థితి. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. తిండి తగ్గిందేమో అనుకున్నారు, కానీ గొడ్లు ఎప్పటిలాగే చచ్చిపోతున్నాయి, మాంసం అక్కడే పడి ఉంది. వలస వెళ్ళాయా అంటే పక్క దేశాల్లోనూ ఇదే కథ. నాలుగు తలుపులూ తట్టి చూస్తే తెరుచుకున్నది ఒక్కటే. పెద్ద పక్షులు చచ్చిపోతున్నాయి.

పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే అమెరికన్ పశువైద్యుడూ, ఆయన బృందమూ చనిపోయిన రాబందుల్ని కోసి చూస్తే లోపల అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత. అది యూరిక్ యాసిడ్. మూత్రపిండాలు పనిచెయ్యక పేరుకుపోయింది. మూత్రపిండాల్ని దెబ్బతీసే మందు ఏదైనా పశువులకి ఇస్తున్నారా అని మందుల షాపుల్లో, పశువైద్యుల దగ్గర ఆరా తీశారు. దొరికిన పేరు డైక్లోఫెనాక్. 2004లో ఈ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది.

డైక్లోఫెనాక్ మనకి చుట్టంలాంటిదే. ఇక్కడ మోకాళ్ళ నొప్పికి రాసుకునే వోల్టరెన్ జెల్‌లో ఉన్నది అదే. అమ్మకి ఇండియాలో డాక్టరు రాసే వోవెరాన్‌లో ఉన్నదీ అదే. మనుషుల శరీరం దాన్ని కొద్ది గంటల్లో బయటికి పంపేస్తుంది. రాబందు పంపలేదు. 1990లలో ఈ మందు చౌకగా పశువులకి కూడా దొరకడం మొదలైంది. ముసలి ఎద్దు కుంటుతుంటే, ఈనిన గేదె పొదుగు వాచి బాధపడుతుంటే రైతు ఇంజెక్షన్ చేయించాడు. జాలితో చేశాడు, అందులో తప్పేముంది. రెండు రోజుల్లో ఆ పశువు చచ్చిపోతే ఎప్పటిలాగే ఊరి బయట పడేశాడు. రాబందులు గుంపుగా తింటాయి కాబట్టి ఒక్క కళేబరం ఎన్నో పక్షుల్ని పట్టుకుపోయింది.

ఇక్కడే పాపులేషన్ ఎకాలజీ తన విలువ చూపించింది. శాస్త్రవేత్తలు లెక్కవేసి అడిగిన ప్రశ్న ఇది: రాబందులు ఇంత వేగంగా తగ్గాలంటే ఎన్ని కళేబరాల్లో ప్రాణం తీసేంత మందు ఉండాలి? సగమా, పావు వంతా? వచ్చిన జవాబు నూటికి ఒకటి కన్నా తక్కువ. ఒక శాతం కూడా అక్కర్లేదు. ఏడాదికి వందకి పైగా భోజనాలు చేసే పక్షి, నూటికి ఒక్క భోజనం విషమైనా, ఏడాదిలోపు దానికి ఎదురుపడుతుంది. తర్వాత దేశంలో పలు రాష్ట్రాల నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తే దాదాపు నూటికి పదింట్లో మందు ఆనవాళ్ళు కనిపించాయి.

ఫలితం మాటల్లో కన్నా అంకెల్లోనే బాగా అర్థమవుతుంది. 1990ల మొదట్లో 1,000 తెల్లవీపు రాబందులున్న చోట 2007 నాటికి మిగిలింది ఒకటి. 99.9 శాతం పోయాయి. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు దాదాపు 97 శాతం పోయాయి. వెయ్యి నుంచి ఒకటికి రావడం ఎంత సులువో కాగితం మీద చూడండి: సగం, సగంలో సగం అంటూ పది సార్లు సగం చేస్తే చాలు. ఎవరూ తుపాకీ పట్టలేదు, అడవి నరకలేదు.

మరి రాబందులు తినవలసిన మాంసం ఏమైంది? ఒక జీవి ఖాళీ చేసిన పీట మీద ఇంకో జీవి కూర్చుంటుంది. ఊరకుక్కలు కూర్చున్నాయి. వాటికి తిండి పెరిగింది, అంటే ఆ చోటు మోయగల కుక్కల సంఖ్య పెరిగింది. త్వరగా కనే జీవులు కాబట్టి ఆ ఖాళీని కొద్ది ఏళ్ళలోనే నింపేశాయి. రాబందు కడుపులోని ఆమ్లంలో చాలా రకాల సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కుక్క కడుపు అలాంటిది కాదు, పైగా కుక్క కరుస్తుంది. కుళ్ళిన కళేబరాలు నీళ్ళలో కలిశాయి, రేబిస్ ముప్పు పెరిగింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాల్నీ, మొదటినుంచీ లేని జిల్లాల్నీ పక్కపక్కన పెట్టి మరణాల లెక్కలు చూశారు. వాళ్ళ అంచనా ప్రకారం 2000 నుంచి 2005 వరకు, రాబందులు లేకపోవడం వల్ల అదనంగా పోయిన మనుషుల ప్రాణాలు దాదాపు 5 లక్షలు. ఏటా లక్ష. "అరిష్టం" అని మనం తరిమిన పక్షి లేకపోవడమే అసలు అరిష్టమైంది.

2006లో భారత ప్రభుత్వం పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించింది. రాబందులకి హాని చెయ్యని మెలాక్సికామ్ అనే మందు అప్పటికే పరీక్షల్లో నెగ్గింది. అయినా మనుషులకోసం అమ్మే పెద్ద సీసాలు తెచ్చి పశువులకి పొడవడం ఆగలేదు. అందుకని 2015లో ఆ ఇంజెక్షన్ సీసా 3 మిల్లీలీటర్లకి మించకూడదన్నారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందుల్ని కూడా పశువులకి వాడకుండా ఆపారు. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి గుడ్లు పెట్టించే కేంద్రం పెట్టి దానికి జటాయువు పేరే పెట్టారు. హైదరాబాద్ నెహ్రూ జూలో కూడా ఆ పని జరుగుతోంది. పతనం ఆగింది. కానీ తిరిగి పెరగలేదేమని చాలామంది అడుగుతారు.

దానికి మన 72 సూత్రం చాలు. బ్యాంకు వడ్డీ 5 శాతమైతే డబ్బు రెట్టింపు కావడానికి 72ని 5తో భాగిస్తాం, సుమారు 14 ఏళ్ళు. రాబందులు ఏటా 5 శాతం పెరిగాయనుకుందాం, ఒకే గుడ్డు పెట్టే పక్షికి అది మంచి వేగమే. ఒకటి నుంచి వెయ్యికి రావాలంటే పది రెట్టింపులు. 14 పదులు 140 ఏళ్ళు. పదిహేనేళ్ళలో దిగిన మెట్లు ఎక్కడానికి ఏడు తరాల్లో సగమైనా కావాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇదే కథ పక్కింట్లో కూడా ఉంది. కాలిఫోర్నియా కాండోర్ మన రాబందుకి దూరపు చుట్టం. అది ఇంకా నిదానం, చాలాసార్లు రెండేళ్ళకి ఒక గుడ్డు. 1982లో ఆ జాతి మొత్తం 22 మాత్రమే మిగిలింది. 1987లో ఆఖరి అడవి పక్షిని కూడా పట్టి జూలకి తెచ్చారు. జూలలో ఒక చిట్కా పనిచేసింది: గూట్లో గుడ్డు తీసేస్తే తల్లి ఇంకోటి పెడుతుంది. తీసిన గుడ్డుని యంత్రంలో పొదిగించి, పిల్లకి కాండోర్ తల ఉన్న తోలుబొమ్మతో తిండి పెట్టారు, మనుషులకి అలవాటు పడకుండా. ఇప్పుడు 500కి పైగా ఉన్నాయి, సగానికి మించి స్వేచ్ఛగా ఎగురుతున్నాయి. పిన్నకిల్స్, గ్రాండ్ కాన్యన్, జైయన్ వైపు వెళ్ళినప్పుడు తల ఎత్తి చూడండి, రెక్కల మీద నంబరు బిళ్ళలతో కనిపిస్తాయి.

అయితే కాండోర్ల పెద్ద శత్రువు ఇంకా పోలేదు. వేటగాళ్ళు వదిలేసిన జంతువుల్లో మిగిలే సీసపు తూటా ముక్కలు తిని అవి చనిపోతున్నాయి. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం తూటాల్ని పూర్తిగా నిషేధించింది, అన్ని రాష్ట్రాల్లో ఆ చట్టం లేదు. అందుకని జూల నుంచి కొత్త పిల్లల్ని వదులుతూనే ఉండాలి. పుట్టే తలుపు ఎంత తెరిచినా, పోయే తలుపు మూయకపోతే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

తెలుగు నేల మీద చూస్తే, 2013 ప్రాంతంలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట రాళ్ళ మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. అటవీశాఖ స్థానికుల్ని కాపలా పెట్టి, మందులు తగలని మాంసం అందించింది. ప్రాణహిత దాటితే అవతల మహారాష్ట్ర గడ్చిరోలి. పక్షికి నది సరిహద్దు కాదు, అటూ ఇటూ తిరుగుతుంది. రావడం, వెళ్ళడం అనే రెండు తలుపులు ఇక్కడ పనిచేస్తాయి. ఇటువైపు గొడ్డుకి మంచి మందు ఇచ్చి, అటువైపు చెడ్డ మందు ఇస్తే ఫలితం ఉండదు. గుంపుగా బతికే పక్షికి గుంపు మరీ చిన్నదైతే ఇంకో కష్టం కూడా ఉంది. తిండి వెతికే కళ్ళు తగ్గుతాయి, జంట దొరకదు. అప్పుడు తగ్గుదలే తగ్గుదలకి కారణమవుతుంది.

ఇంత దూరం నుంచి మనం చెయ్యగలిగింది ఏముంది అంటారా? ఒకటి ఉంది. మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా పాడి ఉంది, మనది కాకపోతే పెదనాన్నదో మేనమామదో. ఆదివారం ఫోనులో కోడలి సంగతి, వానల సంగతి అయ్యాక ఒక్క మాట అడగండి: "గేదెకి నొప్పికి ఏ ఇంజెక్షన్ వేయిస్తున్నారు? మెలాక్సికామ్ అడగండి, డైక్లోఫెనాక్ పేరుంటే వద్దనండి." మెలాక్సికామ్ ఇప్పుడు పల్లెటూళ్ళలోనూ దొరుకుతోంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. నూటికి ఒక్క కళేబరం చాలు మందని తుడిచిపెట్టడానికి అన్న లెక్క గుర్తుంది కదా. ఆ ఒక్కటి మన దొడ్డిలోది కాకుండా చూసుకోవచ్చు.

రెండోది ఇంట్లో పని. పిల్ల పాపులేషన్ ఎకాలజీ పాఠంలో గీతలూ సూత్రాలూ బట్టీ పడుతుంటే, ఈ పక్షి సంగతి చెప్పండి. నాలుగు తలుపులు, ఒక గుడ్డు, పది సార్లు సగం. పాఠం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది. "రాబందు" అన్న మాట తిట్టుగా వినిపించినప్పుడు వాళ్ళే సరిదిద్దుతారు.

మన పిల్లల పిల్లలు ఊరికి వెళ్ళినప్పుడు చెరువు గట్టు తాటిచెట్టు మీద బరువుగా ఏదైనా కూర్చుని ఉంటుందా లేదా అన్నది, ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే ఆ తల్లి ఇంకో ఇరవయ్యేళ్ళు బతుకుతుందా లేదా అన్నదాని మీద ఉంది. ఫోను చేసినప్పుడు మర్చిపోకండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.